తీపి ఏటైపోతాది

గుణుపురంలో వానాకాలపు కరెంటుకి
మాట మీద నిలకడ లేదు.
మూడోసారి పోయింది.
గాజుపాత్రలో ఇందాకటిదాకా కొలతకు నిలిచిన వెండి తీగ
ఇప్పుడు ఉత్త వెండి తీగ.

సంజుక్త సబర దాన్ని బయటికి తీసి
తెల్ల పొడితో మళ్లీ మొదట్నుంచి రుద్దుతోంది,
ఎనిమిది అంకె చుడుతూ, అదే ఎనిమిది మీద మళ్లీ చుడుతూ.
ఈ పొడి పుట్టింది కొరాపుట్ కొండల్లోనేమో, ఎవరికి తెలుసు,
సీసా మీద మాత్రం ఏదో చలిదేశం పేరు.

అప్పుడొచ్చాడు కింతలి దామోదరం,
తడిసిన గొడుగు గుమ్మం బయటే విప్పి పెట్టి.
రాయగడ రోడ్డులో అతనిది నికెల్ కొట్టు.
సైకిల్ హబ్బులు, ఆటో హారన్లు,
ఒడియా ఇళ్ల దీపాలు, తెలుగు ఇళ్ల దీపాలు,
తొట్టిలో దిగాక ఏది ఎవరిదో
కట్టిన దారం రంగే చెప్పాలి.

"ముప్పై ఏళ్లుగా ఏస్తన్నాను మేస్టారూ, సెంచాడు శాకరిన్.
ఎయ్యకపోతే బూడిద. ఏస్తే అద్దం.
పది రోజులకి మళ్లీ బూడిద తిరుగుతాది.
తాగీసేవోడు లేడు కదా,
ఆ తీపి ఏటైపోతాది?"

ఇరవై ఏళ్లు పాఠం చెప్పాను.
ఒక్క పిల్లాడూ అడగలేదు ఇది.

లోహం ఎప్పుడూ ఖాళీగా ఉండదు, దామోదరం.
నీళ్లు ముందే వచ్చి కూర్చుంటాయి,
నౌపడా బండిలో కిటికీలోంచి తువ్వాలు విసిరి
సీటు ఆపుకున్నవాళ్లలా.
కొత్తవాడు కూర్చోవాలంటే
ముందు నలుగురు లేవాలి.
లేవటానికి వాళ్లకీ ఏదో గిట్టాలి.

కరెంటొచ్చింది.
పిరిడీన్ ఒక్క చుక్క.
"ఎండుచేపల సందులాగుందేటి!" అని ముక్కు మూసుకున్నాడు.

ఆరు మూలల బిళ్ల అది.
అయిదు మూలల్లో కర్బనం, ఆరోదాంట్లో నత్రజని.
మీట రుణం వైపు ఉన్నంతసేపూ
వెండిని ఒళ్లంతా ఆన్చుకుని పడుకుంటుంది,
ఎండలోంచి వచ్చినవాడు చల్లటి గచ్చు మీద పడుకున్నట్టు.
ధనం వైపు జరిపామా
ఒక అంచు లేస్తుంది,
నత్రజని మూల ఒక్కటే లోహానికి తగిలించి
మిగతా ఒళ్లు నీళ్లలోకి ఎత్తుకుంటుంది.
పడుకున్నవాళ్లకి చాలని చోటులోనే
నిలబడ్డవాళ్లు ఇంకొందరు పడతారు.
రుణం వైపు మరీ తోస్తే
చెప్పకుండా దిగిపోతుంది.
నీళ్లు మళ్లీ తువ్వాలేస్తాయి.

ఇదంతా కంటికి కనపడదు.
తెర మీద గీత ఒక చిన్న మూపురం ఎత్తి దిగింది.
దామోదరం దాన్నే చూశాడు, కళ్లద్దాలు పైకి తోసి,
తొట్టిలో రంగు చూసే చూపుతో.

"నా శాకరినూ ఇంతేనా?"

దాదాపు ఇంతే.
నికెల్ పెరిగే చోటే వెతుక్కుని కూర్చుంటుంది,
గింజని గింజగా బలవనివ్వదు.
అందుకే అద్దం.
కూర్చున్నదంతా తిరిగి లేవదు,
కొంత విరుగుతుంది, దానిలోని గంధకం
పొరల మధ్యే ఉండిపోతుంది.

"అంటే మెరుపులో ఉన్నాదన్నమాట."

కాసేపు ఊరుకున్నాడు.
తర్వాత రెండు చేతులూ దీపం వెలుతురు కిందికి చాపాడు.
వేళ్ల సందుల్లో పగుళ్లు, గోళ్ల చుట్టూ ఎర్రటి పొక్కులు,
రాత్రిళ్లు నిద్రపోనివ్వని నికెల్ దురద.
"మరి ఇక్కడేటి కూకుంది?"

దానికి నా దగ్గర గీత లేదు.

సంజుక్త పుస్తకంలో ఏదో రాసి, చెరిపి,
పెన్ను పక్కన పెట్టి పెన్సిల్ తీసింది.
"పూర్తిగా నిలువు కాదు సార్. కొంచెం ఒరిగి ఉంది."
ఎంత?
"ఇరవై డిగ్రీలనుకుంటా. ఇంకోసారి చూస్తేగానీ సిరాతో రాయను."

నాలుగోసారి పోయింది కరెంటు.
చీకట్లో వాన, చేపల వాసన,
గొడుగు మీంచి నీళ్లు జారే చప్పుడు.

"ఇప్పుడెలాగుంది పాపా అది?
పడుకుందా, నిలబడిందా?"

"మీట మన చేతిలో లేదు కదా తాతా," అంది సంజుక్త,
"ఇప్పుడు దాని ఇష్టం."